ధరలు మారాక టికెట్ల మార్పిడి: బెంగళూరు తెలుగు నాటక నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో తెలుగు నాటకం వేసే సంస్థలకు టికెట్లు అమ్మడం కన్నా, అమ్మిన టికెట్లను మార్చి ఇవ్వడమే ఎక్కువ తలనొప్పి. శనివారం ప్రదర్శనకు కొన్నవారు ఆదివారానికి మార్చమంటారు, వెనక వరుసలో కొన్నవారు తమ చుట్టాలు కూర్చున్న వరుసలోకి వస్తామంటారు, నలుగురికి కొన్నవారు తీరా ఇద్దరమే వస్తున్నామని ఫోన్ చేస్తారు. ధర మారనంత కాలం ఇదంతా ఒక సీటు నంబరు కొట్టేసి మరొకటి రాసుకునే పనే. ఎర్లీ బర్డ్ (ముందుగా కొనేవారికి ఇచ్చే తక్కువ ధర) గడువు ముగిసిన మరునాడో, గిరాకీ చూసి రెండు వరుసలను పై తరగతిలోకి జరిపిన మరునాడో అసలు చిక్కు మొదలవుతుంది. అప్పటికి ఒకే వరుసలో పక్కపక్కన కూర్చునే ఇద్దరు రెండు వేర్వేరు ధరలు కట్టి ఉంటారు. మూడో మనిషి వచ్చి ఆ రెండింటిలో తక్కువ ధరే తనకూ వర్తించాలని వాదిస్తాడు.

రవీంద్ర కళాక్షేత్రంలోనో, చౌడయ్య స్మారక భవనంలోనో, వయ్యాలికావల్‌లోని శ్రీకృష్ణదేవరాయ కళామందిరంలోనో హాలు అద్దెకు తీసుకుని, టికెట్ల కౌంటరు తమ వాలంటీర్లతోనే నడుపుకునే సంస్థలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణల్లోని ధరలు లెక్క చూపించడానికి వేసుకున్నవే.

అన్నిటికీ మూలమైన సూత్రం

మార్పిడి అనేది ఒక పనిలా కనిపిస్తుంది కానీ, లెక్కలో అది రెండు పనులు. పాత టికెట్‌ను ప్రేక్షకుడు కట్టిన సొమ్ముకు వెనక్కి తీసుకోవడం మొదటిది, కొత్త టికెట్‌ను ఇవాళ్టి ధరకు అమ్మడం రెండవది. ఈ రెంటినీ విడివిడిగా రాసుకుని, ఆ తరువాతే తేడా తీయాలి. పాత టికెట్‌కు ఇవాళ్టి పట్టికలో ఎంత విలువ ఉందన్నది ఎక్కడా లెక్కలోకి రాకూడదు. నేను చూసినంతలో కౌంటర్ల దగ్గర జరిగే గొడవల్లో చాలావరకు ఈ ఒక్కచోటే పుడతాయి.

ఎర్లీ బర్డ్ ధరలు ముందు వరుసలకు 400, మధ్య వరుసలకు 300, వెనక వరుసలకు 200 రూపాయలు అనుకుందాం. గడువు తరువాత అవి 500, 400, 250 అయ్యాయి. ఒక దంపతులు గడువులోపల మధ్య వరుసలో రెండు టికెట్లు 600 రూపాయలకు కొన్నారు. గడువు దాటాక అదే తరగతిలో ఆదివారానికి మార్చమంటే కొత్త టికెట్ల ధర 800, కట్టింది 600, కట్టవలసిన తేడా 200. ముందు వరుసలోకి మార్చమంటే కొత్త ధర 1,000, తేడా 400. వెనక్కి వెళతామంటే కొత్త ధర 500, వారికి రావలసింది 100.

వారి చేతిలోని పాత టికెట్లకు ఇవాళ్టి ధర 800 కాబట్టి ఆ విలువే ఇవ్వాలని వాలంటీరు అనుకుంటే ముందు వరుసకు 200 మాత్రమే వసూలు చేస్తాడు, వెనక్కి వెళ్లేవారికైతే ఏకంగా 300 తిరిగి ఇస్తాడు. రెండు సందర్భాల్లోనూ సంస్థకు చేరవలసిన దానిలో 200 తగ్గుతుంది. పొరపాటు జరిగిందని ఆ రాత్రి ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే తరగతుల మధ్య తేడా సరిగ్గానే కట్టించుకున్నట్టు కనిపిస్తుంది.

ముందుగా: ధరల పట్టికకు నంబరూ తేదీ వేయండి

నేల, బెంచీ, కుర్చీ అని మూడే తరగతులుండి, ఆట ఆడినన్నాళ్లూ అవే ధరలున్న రోజుల్లో ఈ పని అవసరం లేకపోయింది. ఇప్పుడు అమ్మకాలు మొదలుపెట్టేముందే ధరల పట్టికకు "పట్టిక 1" అని పేరు పెట్టి, ఏ తేదీన ఏ గంట నుంచి అమలో రాయాలి. ధర మార్చినప్పుడు ఎక్సెల్ షీటులో పాత అంకె చెరిపి కొత్తది వేయవద్దు. పాత షీటును అలాగే ఉంచి, "పట్టిక 2" అని కొత్త షీటు తెరవాలి. వరుసల తరగతి మారితే సీట్ల పటం కూడా కొత్తగా గీసి, దాని మీద అదే నంబరు వేయాలి.

అమ్మకాల రికార్డులో అమ్మిన ప్రతి సీటుకూ ఒక లైను ఉండాలి, ప్రతి టికెట్ల కట్టకూ కాదు. అందులో టికెట్ నంబరు, ప్రదర్శన తేదీ, సీటు, ఏ పట్టిక ప్రకారం అమ్మారు, ఏ రాయితీ ఇచ్చారు, ఎలా కట్టారు, కొన్నవారి ఫోన్ నంబరు ఉండాలి. వీటితో పాటు "ఇప్పటిదాకా కట్టిన మొత్తం" అనే గడి తప్పనిసరి. ఒకసారి మార్పిడి జరిగి తేడా కట్టాక ఆ తేడాను ఈ గడిలో కలపాలి. 300 పెట్టి కొని, మరో 200 కట్టి ముందు వరుసకు వచ్చిన టికెట్ విలువ ఇప్పుడు 500. ఆ మనిషి మళ్లీ వస్తే మొదటి రసీదు చూసి 300 అంటే అన్యాయం.

రాయితీలను ఈ గడిలో ఎలా వేస్తారన్నది మరీ ముఖ్యం. నాలుగు కొంటే ఐదోది ఉచితం అన్న పద్ధతిలో మధ్య వరుస టికెట్లు ఐదు 1,600కు అమ్మారనుకోండి. చాలామంది నాలుగింటికి 400 చొప్పున వేసి, ఐదోదానికి సున్నా వేస్తారు. పది రోజుల తరువాత ఆ ఐదుగురిలో ఒకరు వచ్చి తన టికెట్ మార్చమన్నప్పుడు, అది సున్నా టికెట్ అయితే మొత్తం 400 కట్టమనాలి, ఆయన పక్కవాడిదైతే ఏమీ అక్కర్లేదు. ఏ ముఖం పెట్టుకుని ఆ మాట చెబుతారు? ఐదింటికీ 320 చొప్పున వేయండి. ఇద్దరు ఆదివారానికి మారితే కట్టిన విలువ 640, కొత్త ధర 800, తేడా 160. మిగిలిన ముగ్గురికి గుంపు రాయితీ అర్హత పోయింది కాబట్టి వారి దగ్గరా వసూలు చేయాలని వాదించే కోశాధికారులున్నారు. ఆ లెక్క ప్రకారం మిగిలిన మూడు టికెట్లకు 1,200 పట్టుకుని, మారేవారికి 400 మాత్రమే జమ ఇవ్వాలి. లెక్కగా తప్పులేదు కానీ, ఐదుగురిని వెంటబెట్టుకు వచ్చిన మనిషి మరో నాటకానికి రాడు. నేనైతే 320 దగ్గరే ఆగుతాను.

ఉచిత పాసులకు విలువ సున్నా. పాసు ఉన్నవారు టికెట్ సీటుకు మారాలంటే పూర్తి ధర కట్టాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మార్పు ఎవరి వల్ల వచ్చిందో తేల్చండి

కౌంటరులో కూర్చున్నవారు లెక్క మొదలుపెట్టేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. ప్రేక్షకుడి అవసరం వల్ల మార్పిడి అయితే కొత్త సీటుకు ఇవాళ్టి ధర. సంస్థ వల్ల అయితే, అంటే ప్రదర్శన తేదీ మారినా, సౌండ్ కన్సోల్ కోసమో కెమెరా కోసమో అమ్మిన సీట్లు తీసేయవలసి వచ్చినా, అదే తరగతిలోనో పై తరగతిలోనో సీటు ఇచ్చి ఒక్క రూపాయి కూడా అడగకూడదు. కింది తరగతి సీటే మిగిలితే వారు కట్టినదానికీ ఆ సీటు ధరకూ ఉన్న తేడా తిరిగి ఇవ్వాలి. కొత్త ఏర్పాటు నచ్చనివారికి పూర్తి సొమ్ము వాపసు. ఇక్కడ పట్టిక మారిందా లేదా అన్న ప్రసక్తే రాదు.

వరుసల తరగతి మార్చినప్పుడు ఒక మధ్యస్థ పరిస్థితి వస్తుంది. ఇ, ఎఫ్ వరుసలు మొదట మధ్య తరగతిలో 400కు అమ్మారు. బాగా అమ్ముడవుతున్నాయని ఆ రెంటినీ ముందు తరగతిలోకి జరిపి 500 చేశారు. ఎఫ్-11 కొన్న అమ్మాయి, ఎఫ్-14 పక్కన ఉన్న అక్క దగ్గరికి జరుగుతానంటుంది. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే 100 కట్టాలి. కూర్చున్న వరుసలోనే మూడు సీట్లు జరగడానికి వంద రూపాయలంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అదే ప్రదర్శనలో, అదే వరుసలో లేదా అంతకన్నా వెనక, తాను కొన్నప్పుడు ఒకే తరగతిగా ఉన్న సీట్ల మధ్య జరిగేవారికి తేడా తీసుకోకూడదని నియమం పెట్టుకోండి. ముందుకు జరగడానికి మాత్రం ఇది వర్తించదు. ఆ సడలింపు ఇస్తే మధ్య వరుసలవారంతా ఇ వరుస కోసం క్యూ కడతారు.

నియమాలను అమ్మకాలకు ముందే రాసి పెట్టండి

ఎన్నిసార్లు మార్చుకోవచ్చు, ఎప్పటిలోగా, ఏ రోజు ధర వర్తిస్తుంది, మిగులు సొమ్ము ఎలా వస్తుంది అన్న నాలుగు విషయాలు టికెట్ వెనకా వాట్సాప్‌లో పంపే పోస్టరు మీదా ఉండాలి. నా సలహా ఒక్క మార్పిడికే. ఎర్లీ బర్డ్‌లో పది టికెట్లు కొని పెట్టుకుని, తరువాత వాటిని ఒకరి తరువాత ఒకరికి మార్చి ఇప్పించే పెద్దమనుషులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. కౌంటరు మీద ఈ నియమాలు తెలుగుతో పాటు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ అంటించండి, ఎందుకంటే మన నాటకానికి కన్నడ మిత్రులూ వస్తారు, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మన పిల్లలూ వస్తారు.

గడువు విషయంలో ఊరి స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. సాయంత్రం ఆరున్నరకు ప్రదర్శన అంటే అయిదున్నరకు సిల్క్‌బోర్డు దగ్గర ఇరుక్కున్నవారి ఫోన్లు మొదలవుతాయి. జయనగర్ దాటి వచ్చేసరికి మొదటి అంకం అయిపోతుంది కాబట్టి రేపటికి మార్చమంటారు. ఆ సీటును మళ్లీ అమ్ముకునేందుకు సమయం ఉన్నంతవరకే మార్పిడికి అర్థం ఉంటుంది. ప్రదర్శనకు రెండు గంటల ముందు గడువు పెట్టి, ఫోన్ ఎత్తారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వాట్సాప్ సందేశం చేరిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటామని రాయండి. ఆలస్యంగా వచ్చేవారిని లోపలికి పంపకపోవడానికి పేరుపడిన జె.పి.నగర్ రంగశంకర వంటి చోట ప్రదర్శన పెట్టుకుంటే, తెర లేచాక టికెట్‌కు విలువ ఉండదన్న సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి.

ఐదు వందల గీత దాటేటప్పుడు

చాలా సంస్థలు పట్టించుకోని విషయం జీఎస్టీ. నాటకం టికెట్ ధర మనిషికి 500 రూపాయలు మించకపోతే ప్రవేశ రుసుము మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. ఈ పరిమితి 2018 జనవరి వరకు 250గా ఉండేది. మించితే 18 శాతం. పరిమితి మనిషికే కానీ బిల్లుకు కాదు, కాబట్టి 400 చొప్పున ఐదు టికెట్లు ఒకే బిల్లులో 2,000కు అమ్మినా పన్ను పడదు. సంవత్సర టర్నోవరు 20 లక్షలు మించక, జీఎస్టీ నమోదు లేని సంస్థలు ఈ భాగాన్ని వదిలేయవచ్చు.

నమోదైన సంస్థ 500 టికెట్‌ను 600 టికెట్‌కు మార్చేటప్పుడు పన్ను పెరిగిన వంద మీద మాత్రమే పడదు, మొత్తం 600 మీద పడుతుంది. ధర మీద పన్ను వేరుగా వేసే పద్ధతి అయితే కొత్త టికెట్ 708, ప్రేక్షకుడు కట్టవలసిన తేడా 208. వంద రూపాయల తేడాకు రెండు వందల ఎనిమిది ఎందుకని అడుగుతారు, కాబట్టి రసీదులో ధర, పన్ను విడివిడిగా చూపించాలి. పన్ను కలిపే 600 అని ప్రకటించి ఉంటే తేడా వందే. కానీ అందులో 91.53 పన్నుగా పోయి సంస్థకు మిగిలేది 508.47, అంటే అంత హంగామాకు అదనంగా వచ్చింది ఎనిమిదిన్నర రూపాయలు. అందుకే 500కూ 590కీ మధ్య ధర పెట్టే ఆలోచనే వద్దు. పన్ను తీసేశాక 500 కన్నా తక్కువే చేతికి వస్తుంది. ధర పెంచాలనుకుంటే 500 దగ్గర ఆగండి, లేదా ఒకేసారి 700కో 750కో వెళ్లండి.

708 కట్టినవారు 500 టికెట్‌కు దిగితే వారికి 208 రావాలి. ముందు ఇచ్చిన బిల్లుకు క్రెడిట్ నోట్ (బిల్లు సొమ్ము తగ్గిందని చూపే పత్రం) రాయాలి, పాత బిల్లును చింపేయకూడదు. ధర రెండుసార్లు మారిన నాటకానికి ఇలాంటివి పదో పదిహేనో పోగవుతాయి కాబట్టి నెలాఖరున ఆడిటరు చేతికి ఒకే జాబితాగా ఇవ్వండి.

పనుల క్రమం

కౌంటరు దగ్గర ఏ పని ముందు, ఏది తరువాత అన్నది కచ్చితంగా ఉండాలి. మొదట కొత్త సీటును పట్టి ఉంచాలి. తరువాత రికార్డు తెరిచి, కట్టిన మొత్తం చూసి, తేడా కాగితం మీద వేసి ప్రేక్షకుడికి చూపాలి. సొమ్ము అందాక పాత టికెట్ వెనక్కి తీసుకుని అడ్డంగా గీత కొట్టి, దాని కౌంటర్‌ఫాయిల్ (టికెట్ పుస్తకంలో మన దగ్గర మిగిలే ముక్క) మీద కొత్త టికెట్ నంబరు రాయాలి. అప్పుడు కొత్త టికెట్ ఇవ్వాలి. అన్నిటికన్నా చివర పాత సీటును అమ్మకానికి వదలాలి. ముందే పాత సీటు వదిలేస్తే, ప్రేక్షకుడు తేడా విని మనసు మార్చుకునేలోగా పక్క వాలంటీరు దాన్ని అమ్మేసి ఉంటాడు. వదిలిన సీటు ఇవాళ్టి పట్టిక ధరకే అమ్ముడవాలి, అది ఒకప్పుడు 300కు పోయిందన్న సంగతి కొత్తగా కొనేవారికి అనవసరం.

అచ్చయిన ధరను పెన్నుతో దిద్ది అదే టికెట్ తిరిగి ఇవ్వడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మార్పిడికి కూడా రసీదు ఉండాలి. బిల్లు లేదా రసీదు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

యూపీఐలో తేడా కట్టినట్టు ప్రేక్షకుడు చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా సంస్థ ఖాతాలో జమ అయినట్టు చూసుకుని, ఆ చెల్లింపును గుర్తించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు రాసుకోండి. సొమ్ము తిరిగి పంపవలసి వస్తే, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపండి. "మా తమ్ముడి నంబరుకు పంపండి" అన్న మాటకు ఒప్పుకుంటే, రేపు అసలు కొన్నవారు వచ్చి తమ డబ్బు అడుగుతారు.

చెప్పే మాట కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి. "కుదరదు, ధర పెరిగింది" అనడం కన్నా, "అండీ, మీరు అప్పట్లో కట్టినది ఆరు వందలు. అది అలాగే మీ పేరున ఉంది. ఇప్పుడు ఈ రెండు సీట్లు ఎనిమిది వందలు, ఇంకో రెండు వందలు కడితే సరిపోతుంది" అంటే ఎదుటివారు లెక్క వింటారు. వయసులో పెద్దవారు "నేను ఈ సంఘంలో ఇరవై ఏళ్ల నుంచి సభ్యుణ్ణి బాబూ" అని మొదలుపెడితే కుర్రవాళ్లు వాదనకు దిగకుండా కార్యదర్శి దగ్గరకు పంపాలి. మినహాయింపు ఇచ్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆ ఒక్కరూ మినహాయించిన సొమ్మును తమ సంతకంతో రాయాలి.

ఆన్‌లైన్‌లో కొన్న టికెట్లు

బుక్‌మైషో వంటి వేదికల మీద కొన్న టికెట్‌ను కౌంటరులో మార్చేముందు, అక్కడ ఆ సీటును రద్దు చేసే అధికారం మీకు ఉందో లేదో ఒప్పందంలో చూసుకోండి. లేకపోతే ఆ సీటు వారి జాబితాలో అమ్ముడైనట్టే ఉండిపోతుంది, వారి క్యూఆర్ కోడ్ గేటు దగ్గర పని చేస్తూనే ఉంటుంది. ప్రేక్షకుడు కట్టిన కన్వీనియన్స్ రుసుము వేదికకు చెందినది కాబట్టి జమ విలువలో దాన్ని కలపకూడదు. టికెట్ 300, రుసుముతో కలిపి కట్టినది అంతకన్నా ఎక్కువ అయినా, మార్పిడికి విలువ 300 మాత్రమే. ఈ మాట పోస్టరు మీద ఉంటే సగం వాదన తప్పుతుంది.

ధర తగ్గినప్పుడు

అమ్మకాలు మందగించి చివరి వారంలో 400 సీటును 300 చేశారనుకోండి. ముందే 400 పెట్టి కొన్నవారు వచ్చి టికెట్ రద్దు చేసి అదే సీటు 300కు ఇవ్వమంటారు. అదే సీటుకు మార్పిడి లేదని నియమం ఉండాలి, లేకపోతే ముందుగా కొన్నవారందరికీ వంద చొప్పున తిరిగి ఇవ్వవలసి వస్తుంది. అయితే వారి కోపంలో న్యాయం లేదని నేను అనను. సంస్థను నమ్మి ముందే డబ్బు కట్టినవారికి ఆఖరున వచ్చినవారికన్నా ఎక్కువ పడటం బాగుండదు. ముందు వరుసల ధర కూడా 400కు దిగి ఉంటే, వారికి ఏ తేడా లేకుండా అక్కడ సీటు ఇవ్వండి. కట్టింది 400, కొత్త ధర 400, లెక్క కూడా సరిపోతుంది. గల్లాపెట్టె నుంచి రూపాయి కదలదు, మనిషి సంతోషంగా వెళతాడు. నిజానికి ఇన్ని తిప్పల కన్నా ధర తగ్గించకుండా ఉండటమే మేలు. ఖాళీ సీట్లు నిండాలంటే విద్యార్థి రాయితీ ప్రకటించడం నయం.

తక్కువ ధర సీటుకు దిగినవారి మిగులును నగదుగా కాకుండా తరువాతి నాటకానికి కూపనుగా ఇవ్వాలనుకుంటే, ఆ సంగతి టికెట్ కొనేటప్పుడే తెలిసి ఉండాలి. కూపను మీద సొమ్ము, నంబరు, చెల్లే గడువు తేదీ రాయండి. "తరువాతి ప్రదర్శన" అని మాత్రమే రాస్తే, మీరు రెండేళ్ల దాకా నాటకం వేయకపోతే ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

గేటు దగ్గరా, రాత్రి లెక్కలోనూ

క్యూఆర్ కోడ్ టికెట్లయితే రద్దయిన కోడ్ ఇంకా ప్రేక్షకుడి వాట్సాప్‌లోనే ఉంటుంది. దాన్ని మిత్రుడికి ఫార్వర్డ్ చేయడానికి రెండు క్షణాలు చాలు. స్కానరులో పాత కోడ్ రద్దయిందో లేదో ఒకసారి పరీక్షించండి. కాగితం టికెట్లయితే రద్దయిన నంబర్ల జాబితాను, ప్రదర్శన వారీగా, గేటు దగ్గర ఉన్నవారి చేతిలో పెట్టండి. ఒకే సీటుకు ఇద్దరు వస్తే ఎవరి టికెట్ నంబరు పెద్దదన్నది కాకుండా, ఏది జాబితాలో రద్దయిందన్నది చూడాలి.

రాత్రి లెక్క చూసేటప్పుడు నిండిన సీట్లను ఇవాళ్టి ధరతో హెచ్చించి మొత్తం రాలేదని కంగారు పడే కోశాధికారులను చూశాను. ధర మారిన నాటకానికి ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. ఆ రోజు కొత్త అమ్మకాలు, దానికి మార్పిడిలో వసూలైన తేడాలు కలిపి, తిరిగి ఇచ్చినవి తీసేస్తే వచ్చేదే చేతిలో ఉండాలి. మధ్య వరుసలో 40 టికెట్లు 400 చొప్పున 16,000, తేడాల వసూలు 1,400, తిరిగి ఇచ్చినది 300 అయితే మొత్తం 17,100 ఉండాలి. యూపీఐ ఖాతాలో 15,200, పెట్టెలో 1,900 ఉంటే సరి. పొద్దున చిల్లర కోసం పెట్టిన సొమ్మును ముందే పక్కకు తీసి లెక్కించాలి.

ఆఖరి ప్రదర్శన ముగిశాక కూడా ఇంకా వాడుకోని కూపన్లు కొన్ని బయట మిగిలి ఉంటాయి. వాటి మొత్తాన్ని నాటకం మిగులులో కలపకుండా, ఇవ్వవలసిన సొమ్ముగా పద్దులో విడిగా చూపించి, కూపన్ నంబర్ల జాబితాతో సహా తరువాతి నాటకం టికెట్లు చూసేవారికి అప్పగించండి.